మూత్రాశయం తీసేశాక మొదటి రెండేళ్లు

సంపాదకులకు నమస్కారం.

మూత్రంలో రక్తం పడితే అశ్రద్ధ చేయవద్దని పత్రికల ఆరోగ్య పేజీలు తరచుగానే చెబుతున్నాయి. ఆ మాట చదివి కొందరైనా త్వరగా ఆసుపత్రికి వస్తున్నారు. కానీ క్యాన్సర్ కండరంలోకి దిగి, మూత్రాశయం మొత్తం తీసేయించుకున్నవారు ఆ తర్వాత ఏం చూసుకోవాలో తెలుగులో రాసేవారు తక్కువ. పెద్ద ఆపరేషన్, పది పన్నెండు రోజులు ఆసుపత్రిలో, పొట్టమీద బ్యాగు. ఇంత అయ్యాక గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కుట్లు విప్పించుకుని వెళ్లి మళ్లీ కాలు వాచాకో, నడుం నొప్పి పట్టలేనంత అయ్యాకో వచ్చేవారు ఎందరో. అందుకే ఈ ఉత్తరం.

"మూత్రాశయమే లేనప్పుడు మూత్రాశయ క్యాన్సర్ మళ్లీ ఎలా వస్తుంది?" అని అందరూ అడుగుతారు. ఆపరేషన్ నాటికే స్కానుకు అందనంత చిన్న కణాలు రక్తంలోకో లింఫ్ గ్రంథుల్లోకో జారి ఉండొచ్చు. అవే కొన్ని నెలలకు ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ఎముకల్లో, పొట్టలోని గ్రంథుల్లో పెరిగి బయటపడతాయి. లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్యులు తమ దగ్గర ఈ ఆపరేషన్ అయిన 1054 మంది వివరాలను 2001లో ప్రచురించారు. జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు ఐదేళ్లకు 68 శాతం, పదేళ్లకు 66 శాతం. తేడా రెండే. అంటే తిరగబెట్టేది చాలావరకు మొదటి ఐదేళ్లలోనే, అందులోనూ అధిక భాగం మొదటి రెండు మూడేళ్లలోనే. గ్రంథులకు పాకినవారిలో మాత్రం ఐదేళ్లకు 35 శాతమే అలా ఉన్నారు. ఇవి ఇప్పటి కొత్త మందులు రాకముందు లెక్కలు. ఆ మందులు అందాలంటే మనిషి సమయానికి కనబడాలి, కిడ్నీ పనిచేస్తూ ఉండాలి.

మొదట బయాప్సీ రిపోర్టు. తీసిన మూత్రాశయాన్ని ల్యాబులో ముక్కలు చేసి చూసి రాసే ఈ కాగితం రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటికి రోగి డిశ్చార్జి అయి ఊరికి వెళ్లిపోతాడు. ఆ కాగితం ఆసుపత్రి ఫైల్లోనే ఉండిపోవడం తరచూ జరిగేదే. ఇంట్లో ఒకరు దాన్ని తెచ్చుకుని డాక్టరు ముందు కూర్చుని చదివించుకోవాలి. అందులో టీ2 అని ఉంటే జబ్బు కండరంలోనే ఉన్నట్టు. టీ3 అంటే కండరం దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకి పోయింది. టీ4 అంటే ప్రొస్టేట్, గర్భాశయం, కటి గోడ వంటి పక్క భాగాలను పట్టింది. ఎన్0 అంటే గ్రంథుల్లో లేదు, ఎన్1 నుంచి ఆ పైన ఉంది. 18 గ్రంథులు చూసి ఒక్కదాంట్లోనూ లేదన్న మాటకూ, నాలుగు చూసి లేదన్న మాటకూ బరువు ఒకటి కాదు. అందుకే ఎన్ని గ్రంథులు చూశారో అడగాలి. కోసిన అంచుల్లో క్యాన్సర్ ఉందా, రక్తనాళాల్లో కణాలు కనిపించాయా, మగవారికైతే ప్రొస్టేట్ గుండా పోయే మూత్రమార్గంలో ఉందా అన్నవి మరో మూడు ప్రశ్నలు. స్మాల్ సెల్, ప్లాస్మసైటాయిడ్, మైక్రోపాపిల్లరీ వంటి మాటలు కనిపిస్తే అది మామూలు రకం కాదు. స్మాల్ సెల్‌కు ఇచ్చే కీమోయే వేరు.

టీ3, టీ4 లేదా గ్రంథులకు పాకినట్టు తేలి, ఆపరేషన్‌కు ముందు కీమో తీసుకోనివారికి సిస్‌ప్లాటిన్ కీమో ఇవ్వాలి. సాధారణంగా జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ కలిపి 21 రోజులకో విడత చొప్పున నాలుగు విడతలు. మొదటి రోజు రెండూ, ఎనిమిదో రోజు జెమ్‌సిటాబిన్ ఒక్కటీ ఎక్కిస్తారు. ఆపరేషన్ అయిన మూడు నెలల లోపు మొదలవ్వాలి. గాయం మానలేదని, ఇంట్లో పెళ్లి ఉందని వాయిదా వేస్తే ఆ గడువు ఇట్టే దాటిపోతుంది. అసలు ఈ కీమో ఆపరేషన్‌కు ముందే ఇవ్వడం మేలు. అప్పుడు ఒంట్లో ఓపిక ఉంటుంది, కిడ్నీలు బాగుంటాయి. ముందు కీమోకు డుర్వాలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ (ఒంటి రక్షణ శక్తినే క్యాన్సర్ మీదికి లేపే మందు) జతచేసి, ఆపరేషన్ తర్వాత దాన్నే నెలకోసారి ఎనిమిది సార్లు ఇస్తే ఫలితం ఇంకా మెరుగని 2024లో వచ్చిన నయాగరా అధ్యయనం చూపింది. రెండేళ్లకు బతికి ఉన్నవారు కీమో ఒక్కటే ఇచ్చిన వర్గంలో 75 శాతం ఉంటే ఇది కలిపినవారిలో 82 శాతం. ఈ మందుపై కస్టమ్స్ సుంకాన్ని 2024 జులై కేంద్ర బడ్జెట్‌లో తీసేశారు. అయినా ఖర్చు లక్షల్లోనే ఉంది.

ముందే కీమో తీసుకున్నా కండరంలోనో గ్రంథుల్లోనో ఇంకా జబ్బు మిగిలినవారికి, సిస్‌ప్లాటిన్ పడనివారికి నివోలుమాబ్ అనే మరో ఇమ్యూనోథెరపీ మందు ఒక ఏడాదిపాటు ఇస్తారు. 709 మందిపై జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో జబ్బు తిరగబెట్టకుండా గడిచిన మధ్యస్థ కాలం (సగం మంది దాటిన కాలం) 10.8 నెలల నుంచి 20.8 నెలలకు పెరిగింది. ఆ అధ్యయనంలో మందు మొదలుపెట్టింది ఆపరేషన్ అయిన 120 రోజుల్లోపు. ఇక్కడ రెండు హెచ్చరికలు చేయాలి. కిడ్నీ బాగాలేదని ఈ దశలో సిస్‌ప్లాటిన్‌కు బదులు కార్బోప్లాటిన్ ఎక్కించడం దానికి సమానం కాదు. ఇక నివోలుమాబ్‌ను 20 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో ఇస్తే చాలన్న మాట ఒకటి తిరుగుతోంది. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు చూపిన ఆ ఫలితం తల, మెడ క్యాన్సర్లలో, అదీ ముదిరిన దశలో, ఇతర మందులతో కలిపి ఇచ్చినప్పటిది. మూత్రాశయం తీసేశాక అదే మోతాదు సరిపోతుందని దాన్నిబట్టి చెప్పడానికి లేదు. డబ్బు లేక చిన్న మోతాదు తీసుకునే కుటుంబానికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

కొత్త మూత్రాశయం, అంటే పేగుతో లోపలే సంచి కుట్టించుకున్నవారు కీమో రోజుల్లో కేథటర్ పెట్టించుకోవడం గురించి తప్పక అడగాలి. పేగు గోడకు పీల్చుకునే గుణం ఉంటుంది. మందు కలిసిన మూత్రం అందులో నిలవ ఉంటే మందు తిరిగి రక్తంలోకి వెళ్లి విషంలా పనిచేస్తుంది.

ఇప్పుడు కిడ్నీల సంగతి. మేము అన్నిటికంటే గట్టిగా చెప్పదలచింది ఇదే. చిన్నపేగు చివరి భాగం నుంచి 15-20 సెంటీమీటర్ల ముక్క తీసి, దానికి రెండు కిడ్నీల నుంచి వచ్చే మూత్రనాళాలను కుట్టి, రెండో కొనను పొట్టమీదికి తెచ్చేదే స్టోమా. నాళం పేగుకు అతికిన ఆ కుట్టు దగ్గర మచ్చ కట్టి సన్నబడటం మామూలుగా చూసే ఇబ్బంది. ఎడమవైపు ఎక్కువ. ఎందుకంటే ఎడమ నాళాన్ని పెద్దపేగు పొర కింద నుంచి కుడివైపుకి లాక్కురావాలి. అంత పొడవున విడదీస్తే దాని రక్తసరఫరా తగ్గుతుంది. ఇది నొప్పి లేకుండా జరుగుతుంది. బ్యాగులో మూత్రం మామూలుగానే పడుతుంటుంది, రెండో కిడ్నీ పనిచేస్తుంది గనక. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ కూడా పెద్దగా పెరగదు. ఎడమ కిడ్నీ మాత్రం నీటిబుడగలా ఉబ్బి, నెలల్లో పనికిరాకుండా పోతుంది. తర్వాత జబ్బు తిరగబెట్టినప్పుడు సిస్‌ప్లాటిన్ ఇవ్వడానికి కిడ్నీ ఉండదు.

ల్యాబు కాగితం మీద క్రియాటినిన్ "నార్మల్" అని ఉంటే సరిపోదని చెప్పడానికి ఒక లెక్క. కిడ్నీలు నిమిషానికి సుమారు ఎన్ని మిల్లీలీటర్లు వడకడుతున్నాయో ఇది చెబుతుంది. వయసును 140లోంచి తీసేసి, బరువుతో గుణించి, దాన్ని 72తో గుణించిన క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవారికైతే వచ్చినదాన్ని మళ్లీ 0.85తో గుణించాలి. 65 ఏళ్ల మనిషి, ఆపరేషన్ తర్వాత చిక్కి 52 కిలోలు ఉన్నాడనుకుందాం. క్రియాటినిన్ 0.9 అయితే 60 వస్తుంది. అదే 1.3 అయితే 42కి పడిపోతుంది. చాలా ల్యాబులు 1.3 వరకు మామూలే అని అచ్చువేస్తాయి. కానీ పూర్తి మోతాదు సిస్‌ప్లాటిన్‌కు 60 ఉండాలి. 50 నుంచి 60 మధ్య ఉంటే కొందరు వైద్యులు మోతాదును రెండుగా విడగొట్టి ఇస్తారు. 42కి ఆ దారి కూడా మూసుకున్నట్టే. ఆ పక్కనే వినికిడి, వేళ్ల తిమ్మిరి, గుండె బలం కూడా చూస్తారు.

కాబట్టి ఆపరేషన్ అయిన మూడో నెలలో ఒక అల్ట్రాసౌండో సీటీయో తీయించి ఆ ఫిల్ము దాచుకోవాలి. పేగుకు అతికించాక కిడ్నీలు కొద్దిగా ఉబ్బినట్టు కనిపించడం సహజం. భయపడాల్సింది అప్పటికంటే ఇప్పుడు పెరిగితే. పెరిగిందని తేలితే తాత్సారం చేయకూడదు. వీపు వైపు నుంచి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, మత్తు సూది ఇచ్చి, కిడ్నీలోకి సన్నని ట్యూబు వేస్తారు. దాన్ని నెఫ్రోస్టమీ అంటారు. రెండు మూడు వారాల్లో క్రియాటినిన్ ఎక్కడ నిలబడుతుందో చూసి కీమో సంగతి తేల్చవచ్చు. ఆ ట్యూబును దాదాపు మూడు నెలలకోసారి మార్చాలి. మార్చకపోతే ఉప్పు పేరుకుని మూసుకుపోయి, చలిజ్వరం వస్తుంది. కుట్టు దగ్గర సన్నబడింది మచ్చవల్లా లేక అక్కడే క్యాన్సర్ మళ్లీ మొలిచిందా అన్నది తేలకుండా బెలూన్‌తో వెడల్పు చేసి పంపేయడం సరికాదు. సీటీ యూరోగ్రామ్ (కిడ్నీలు, మూత్రనాళాలు స్పష్టంగా కనబడేలా తీసే సీటీ), ఆ కిడ్నీ మూత్రంలో కణాల పరీక్ష, అవసరమైతే బ్రష్‌తో తీసిన ముక్క చూడాలి. క్యాన్సర్ లేదని తేలాక నాళాన్ని కోసి కొత్తగా కుట్టడమే ఎక్కువకాలం నిలుస్తుంది.

తిరగబెట్టిందేమోనని భయపెట్టేవి కొన్ని ఉన్నాయి. నీరసం, అన్నం సయించకపోవడం, వాంతులు, బరువు తగ్గడం చూసి ఇంట్లోవాళ్లు ఆశ వదులుకుంటారు. చాలాసార్లు అది రక్తంలో ఆమ్లం పెరగడమే. మూత్రంలోని క్లోరైడును పేగు పీల్చుకోవడం వల్ల రక్తంలో ఆమ్లాన్ని అణిచే బైకార్బొనేట్ తగ్గుతుంది. లోపల సంచి కుట్టించుకున్నవారిలో ఇది ఎక్కువ. ఎలక్ట్రోలైట్స్ పరీక్ష అంటే మన ల్యాబుల్లో సోడియం, పొటాషియం, క్లోరైడ్ మూడే ఇవ్వడం పరిపాటి. బైకార్బొనేట్ కావాలని విడిగా రాయించుకోవాలి. తక్కువుంటే సోడియం బైకార్బొనేట్ మాత్రలతో వారం పది రోజుల్లో మనిషి తేరుకోవడం చూడవచ్చు. అలాగే చిన్నపేగు చివరి భాగమే బీ12ను పీల్చుకునే చోటు. ఒంట్లో నిలవ ఉన్నది కొన్నేళ్లు సరిపోతుంది కాబట్టి లోటు ఆలస్యంగా బయటపడుతుంది. ఏడాదికోసారి పరీక్ష చేయించాలి. అరికాళ్ల తిమ్మిర్లన్నీ కీమో వల్లనే అనుకోకూడదు.

బ్యాగులో రక్తం కనిపిస్తే ఇలా చూడండి. బ్యాగు తీసి, తడి గాజుగుడ్డతో స్టోమాను మెల్లగా తుడవాలి. ఎర్రటి ఆ మొగ్గ పైపొర నుంచే రక్తం చెమరిస్తే, బ్యాగు అంచు రాసుకోవడం వల్ల కావచ్చు. బ్యాగు రంధ్రం స్టోమా కంటే 2-3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా కత్తిరించుకోవాలి. మధ్య రంధ్రంలోంచి వచ్చే మూత్రమే ఎర్రగా ఉంటే అది వేరు. అది కిడ్నీలోనో నాళంలోనో కొత్త గడ్డ కావచ్చు, ఆ వారంలోనే చూపించాలి. మూత్రంలో తెల్లటి తీగల్లా కనిపించేది పేగు జిగురు, దానికి భయం లేదు. మూత్రం కల్చర్‌కు బ్యాగులోంచి పట్టి ఇవ్వకూడదు. అందులో ఎప్పుడూ సూక్ష్మజీవులు ఉంటాయి. స్టోమాను శుభ్రం చేసి, లోపలికి సన్నని కేథటర్ పంపి తీసిన మూత్రమే ఇవ్వాలి. జ్వరం, నడుం నొప్పి లేకుండా రిపోర్టు చూసి యాంటీబయాటిక్ మింగడం వల్ల రేపు నిజంగా అవసరమైనప్పుడు మందు పనిచేయదు.

నిజంగానే తిరగబెట్టినప్పుడు వచ్చే గుర్తులు వేరు. ఒక కాలే వాయడం, అది రక్తం గడ్డకట్టడమో, పొత్తికడుపులో గ్రంథులు నొక్కడమో. పిరుదు నుంచి కాలులోకి దిగే నొప్పి. రాత్రి పడుకున్నా తగ్గని వెన్నునొప్పి. తగ్గని దగ్గు. మూత్రమార్గం తీయకుండా ఉంచిన మగవారికి లోదుస్తుల మీద రక్తపు చుక్క, ఆడవారికి యోని నుంచి రక్తం. వెన్నునొప్పితోపాటు కాళ్లలో బలం తగ్గితే ఆ రాత్రే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లవారే వరకు ఆగితే కాళ్లు తిరిగి రాకపోవచ్చు.

పరీక్షల లెక్క సులువే. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి ఛాతీ, పొట్ట, కటి భాగాల సీటీ, క్రియాటినిన్, ఎలక్ట్రోలైట్స్, కాలేయ పరీక్షలు. ఆ తర్వాత ఐదేళ్ల వరకు ఏడాదికోసారి సీటీ. అటు తర్వాత కూడా కిడ్నీలను చూస్తూనే ఉండాలి. ఎందుకంటే మూత్రనాళాల్లో, కిడ్నీలో వచ్చే గడ్డలు మూడేళ్లు దాటాక కూడా వస్తాయి. విదేశాల్లో ఉన్న పిల్లలు పెట్ స్కాన్ చేయించమని పట్టుబడుతుంటారు. ఆ స్కాన్‌లో వాడే చక్కెర మందు మూత్రంలోనే బయటికి పోతుంది. దాంతో నాళాలు, పేగు సంచి చుట్టూ అంతా వెలిగిపోయి చిన్న గడ్డ దానిలో కలిసిపోతుంది. అనుమానం ఉన్నచోట అది పనికొస్తుంది గానీ సీటీ యూరోగ్రామ్‌కు బదులు కాదు.

తిరగబెట్టిందని తేలినా దారులన్నీ మూసుకుపోవు. వీలైనచోట ముక్క తీసి పరీక్షించి నిర్ధారించుకోవాలి. ఊపిరితిత్తిలో కనిపించేది క్షయ కావచ్చు, బీడీ, సిగరెట్ తాగినవారిలో కొత్తగా వచ్చిన ఊపిరితిత్తి క్యాన్సరూ కావచ్చు. మూత్రమార్గంలో మాత్రమే ఉంటే దాన్ని తీసేస్తారు. ఒక కిడ్నీ లేదా నాళంలోనే ఉంటే ఆ కిడ్నీని నాళంతో సహా తీస్తారు. అందుకే రెండో కిడ్నీ బాగుండాలని మళ్లీ మళ్లీ అంటున్నాం. మరోచోటికి పాకితే ఇప్పుడు మొదట ఎంచుకునేది ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్ (మందును క్యాన్సర్ కణానికే చేర్చేది), పెంబ్రోలిజుమాబ్ (ఇమ్యూనోథెరపీ) జంట. 886 మందిపై జరిగిన అధ్యయనంలో కీమోతో 16 నెలలు ఉన్న మధ్యస్థ జీవితకాలం దీంతో 31 నెలలు దాటింది. సిస్‌ప్లాటిన్ పడని కిడ్నీలకు కూడా దీన్ని ఇవ్వవచ్చు. అయితే వేళ్ల తిమ్మిరి, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగడం, ఒళ్లంతా దద్దుర్లు ఇందులో ఉన్నాయి. నోట్లో పుండ్లు, చర్మం మీద బొబ్బలు కనిపిస్తే తర్వాతి డోసు ఆపి వెంటనే ఆసుపత్రికి చేరాలి. ఈ జంట అందుబాటులో లేకపోతే కీమో ఇచ్చి, జబ్బు పెరగకుండా నిలిచినవారికి అవెలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ కొనసాగిస్తారు. అలా చేసినవారి మధ్యస్థ జీవితకాలం 14.3 నెలల నుంచి 21.4 నెలలకు పెరిగింది.

ఇమ్యూనోథెరపీలో ఉన్న మనిషికి విరేచనాలు పట్టుకుంటే ఊళ్లో డాక్టరు మామూలు బిళ్లలు రాస్తారు. అది మందువల్ల పేగు వాచడం అయితే స్టెరాయిడ్ కావాలి. ఆయాసం కూడా అంతే. పేగు కోసినందువల్ల వచ్చే విరేచనాలూ ఉంటాయి కాబట్టి తికమక పడటం సహజం. ఏ మందు వాడుతున్నారో రాసిన కార్డు జేబులో ఉంటే ఆ తికమక సగం తీరుతుంది.

ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువులో మార్పు ఉన్నవారికి ఎర్డాఫిటినిబ్ మాత్ర ఉంది. ఆ పరీక్షకు ఆపరేషన్‌లో తీసిన ముక్క కావాలి. మైనంలో పోసి ఉంచిన ఆ బ్లాకులను, స్లైడ్లను ఆసుపత్రి నుంచి అడిగి తీసుకుని, ఎండ తగలని చోట చల్లగా దాచుకోండి. ఏళ్ల తర్వాత అడిగితే దొరకకపోవచ్చు. ఎర్డాఫిటినిబ్ వాడేవారికి రక్తంలో ఫాస్ఫేట్, కంటి పరీక్ష మానకూడదు.

నొప్పికి మందు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. ఎముకలో పాకినచోట ఒక్కసారి ఇచ్చే 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత) రేడియేషన్ చాలామందికి నొప్పి తగ్గిస్తుంది. మార్ఫిన్ మాత్రలు ఇవ్వడానికి ఉన్న చట్టపు చిక్కులను మాదకద్రవ్యాల చట్టానికి 2014లో చేసిన సవరణ సడలించింది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణ విభాగం ఉంది. చికిత్స నడుస్తుండగానే దీన్ని అడగవచ్చు.

ప్రభుత్వాలకు మా విన్నపాలు మూడు. తెలంగాణ 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. ఈ ఆపరేషన్ ప్యాకేజీతోపాటే రెండేళ్ల సీటీలు, రక్తపరీక్షలు తేదీలతో సహా మంజూరై డిశ్చార్జి రోజునే రోగి చేతికి రావాలి. స్టోమా బ్యాగులు జీవితాంతం కొనాల్సినవి. జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వాలి. ఖర్చుకు వెనకాడి ఒకే బ్యాగును వారం దాటి వాడితే చర్మం పుండవుతుంది. ఇక డిశ్చార్జి కాగితం మీద ఒక పేజీ తెలుగులో ఉండాలి. బయాప్సీ రిపోర్టు ఏ తేదీన తీసుకోవాలి, ఆంకాలజీ డాక్టరును ఏ తేదీలోపు కలవాలి, మూడో నెల కిడ్నీ స్కాను ఎప్పుడు అన్న మూడు తేదీలు అందులో పెద్ద అక్షరాలతో రాయాలి. అవి వచ్చేలోగా ఆపరేషన్ అయినవారి ఇంట్లోవాళ్లే ఆ మూడు తేదీలను డిశ్చార్జి రోజు డాక్టరుతో రాయించుకుని, ఏ పరీక్ష కార్డు మీద వస్తుందో ఆరోగ్యమిత్రను అడిగి వెళ్లండి.

— మూత్రాశయ క్యాన్సర్ రోగులకు చికిత్స చేసే కొందరు వైద్యులు, స్టోమా నర్సులు, విశాఖపట్నం